పాత ఇంజిన్‌కు సూపర్‌చార్జర్: ముందు వేడి లెక్క, తరువాతే గాలి లెక్క

మోటారు వాహనాలపై పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారు 1974లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 కారు ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. ఇంజిన్ అదే 1489 సీసీ పెట్రోలుది, ఎస్‌యూ కార్బురేటర్ ఉంది. కొన్నేళ్ల కిందట బోరు చేయించి కొత్త పిస్టన్లు వేయించాము. హనుమకొండ నుంచి జనగామ మీదుగా హైదరాబాదు వెళ్లేటప్పుడు లారీని దాటాలంటే బండికి ఊపు చాలడం లేదు. బానెట్ కింద చోటు బాగానే ఉంది కనుక సూపర్‌చార్జర్ బిగిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. ఆటోనగర్‌లో మాకు తెలిసిన మేస్త్రీ బ్రాకెట్లు, పుల్లీలు తానే చేయిస్తానంటున్నారు. ఈ పని చేయవచ్చా? చేస్తే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సాంకేతికంగా చేయవచ్చు. మీ ఇంజిన్ బ్రిటన్‌లోని బీఎంసీ సంస్థ 1950లలో వాడుకలోకి తెచ్చిన బీ-సిరీస్ కుటుంబానికి చెందినది. బీఎంసీ ఇంజిన్లకు ఆ రోజుల్లోనే షారక్ సూపర్‌చార్జర్లు బిగించి నడిపినవారు ఉన్నారు. ఇదే కుటుంబంలోని 1798 సీసీ ఎంజీబీ కారు ఇంజిన్‌కు ఈటన్ ఎం45 అనే సూపర్‌చార్జర్ అమర్చుకొని నేటికీ నడుపుతున్నవారు ఉన్నారు. కనుక ఇది ఎవరూ చేయని ప్రయోగమేమీ కాదు. అయితే వారు నడిపింది చల్లని దేశంలో, మీరు నడపబోయేది మే నెలలో 42 డిగ్రీలు దాటే వరంగల్ ప్రాంతంలో. మీ ప్రశ్నకు సంబంధించిన ప్రతి నిర్ణయం, బెల్టు నిష్పత్తి మొదలుకొని ప్లగ్గు ఎంపిక దాకా, ఈ ఒక్క తేడాను బట్టే తీసుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

సూపర్‌చార్జర్ క్రాంకు (ఇంజిన్ ప్రధాన ఇరుసు) నుంచి బెల్టు ద్వారా తిరుగుతూ, ఇంజిన్ తనంతట తాను పీల్చుకోగలిగినదానికన్నా ఎక్కువ గాలిని సిలిండర్లలోకి నెడుతుంది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం కాలడం అందరం చూసినదే. రూట్స్ రకం బ్లోయర్ (రెండు రోటర్లతో గాలిని తోసే సూపర్‌చార్జర్) సామర్థ్యం రమారమి 55 శాతం అనుకొని లెక్క వేస్తే, 42 డిగ్రీల గాలిని 5 పి.ఎస్.ఐ. పీడనానికి నెట్టేసరికి అది 92 డిగ్రీలకు చేరుతుంది. 8 పి.ఎస్.ఐ.కి నెడితే 118 డిగ్రీలు. బయటి గాలి కాకుండా రేడియేటర్ వెనక 60 డిగ్రీలకు కాగిన బానెట్ గాలినే పీలిస్తే, 5 పి.ఎస్.ఐ. వద్దనే 113 డిగ్రీలు అవుతుంది. ఫిల్టరును గ్రిల్లు పక్కకు తెచ్చి, వెడల్పాటి గొట్టంతో బయటి గాలి అందించడం ఎంత అవసరమో ఈ చివరి అంకె చెబుతోంది. మరో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది: 5 పి.ఎస్.ఐ. వద్ద పీడనం 34 శాతం పెరిగినా, వేడికి గాలి వ్యాకోచించడం వల్ల సిలిండర్‌లోకి అదనంగా చేరే గాలి 15, 16 శాతమే. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కలిగే చల్లదనం కొంత కలిసివస్తుంది, బ్లోయర్‌ను తిప్పడానికి క్రాంకు ఖర్చుచేసే శక్తి కొంత పోతుంది. అన్నీ కలిపి చూస్తే దాదాపు 50 అశ్వశక్తి గల మీ ఇంజిన్ నుంచి 60కి మించి ఆశించకండి. అంతకుమించి వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు.

వేడికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, పాత పెట్రోలు ఇంజిన్లను చెడగొట్టేది ఎక్కువగా నాకింగే. ప్లగ్గు వెలిగించిన మంట సిలిండరంతా పాకక ముందే, చివర మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే పేలిపోతే పిస్టన్ రింగుల మధ్యగట్లు విరుగుతాయి, హెడ్ గాస్కెట్ కాలిపోతుంది. మీ ఇంజిన్ హెడ్డు నిర్మాణంలో ఇందుకు ఒక బలహీనమైన చోటు ఉంది. నాలుగు సిలిండర్లకు కలిపి అయిదే పోర్టులు ఉంటాయి: 1, 2 సిలిండర్లు ఒక ఇన్‌లెట్‌ను, 3, 4 మరొక ఇన్‌లెట్‌ను పంచుకుంటాయి, పొగ బయటికి పోయే దారుల్లో 1కి ఒకటి, 4కు ఒకటి ఉండగా, నడుమనున్న 2, 3 సిలిండర్లు రెండూ ఒకే దారిలో పొగ వదులుతాయి. ఆ నడిమి దారి చుట్టూ హెడ్డు ఎప్పుడూ మిగతా చోట్లకన్నా ఎక్కువ వేడిగా ఉంటుంది. గాస్కెట్ పోయిందంటే ముందుగా 2, 3 సిలిండర్ల మధ్యనే చూడండి. బ్లోయర్ బిగించాక ప్లగ్గులు విప్పి రంగు చూసేటప్పుడు కూడా ఆ రెండింటినే జాగ్రత్తగా పరిశీలించండి: పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నని నల్ల చుక్కలు గాని, మెరిసే అల్యూమినియం రవ్వలు గాని కనిపిస్తే నాకింగ్ మొదలైందన్నమాటే. చెవికి వినిపించక ముందే ప్లగ్గు మీద ఆనవాలు పడుతుంది.

కనుక బ్లోయర్ వెతకడానికన్నా ముందు ఇంజిన్ ఆరోగ్యం తేల్చుకోండి. బోరు చేయించి ఏళ్లు గడిచాయన్నారు. ఇంజిన్ బాగా వేడెక్కాక, త్రాటిల్ పూర్తిగా తెరిచి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. ఎక్కువ తక్కువల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. తేడా ఉంటే ఆ సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే రింగుల లోపం, పెరగకపోతే వాల్వుల లోపం. మీ క్రాంకు మూడు మెయిన్ బేరింగుల మీదే తిరుగుతుంది. ఎంజీబీ ఇంజిన్‌కు 1964లో అయిదు బేరింగులు ఇచ్చారు, మన అంబాసిడర్‌కు ఆ మార్పు రాలేదు. అందుచేత ఆయిల్ ప్రెషర్ సరిగ్గా లేని ఇంజిన్‌కు బ్లోయర్ మాట తలపెట్టకూడదు. ఉన్నదానిని కూడా 4500 ఆర్‌పీఎం లోపలే నడపాలి. రేడియేటర్ సంగతి మరువకండి. మన ప్రాంతపు బోరు నీళ్లు పోసి పోసి వాటర్ జాకెట్లలో గట్టి ఉప్పు పేరుకొని ఉంటుంది. దానిని శుభ్రం చేయించి, డిస్టిల్డ్ నీటిలో కూలెంట్ కలిపి పోయండి.

బ్లోయర్ పరిమాణం విషయానికి వస్తే, నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి నిండుతుంది కనుక మీ ఇంజిన్ క్రాంకు చుట్టు ఒక్కింటికి మింగగలిగేది 744 సీసీ, నిజానికి మింగేది అందులో 80 శాతం. ఎం45 బ్లోయర్ ఒక చుట్టుకు 737 సీసీ గాలిని తోస్తుంది. సందుల్లోంచి వెనక్కి జారేది తీసేస్తే 620, 630 సీసీ మిగులుతుంది. 5 పి.ఎస్.ఐ. కావాలంటే క్రాంకు ఒక చుట్టు తిరిగితే బ్లోయర్ రమారమి 1.1 చుట్లు తిరిగితే చాలు. అంటే 4500 ఆర్‌పీఎం వద్ద బ్లోయర్ 5000 మాత్రమే తిరుగుతుంది, అది దానికి సునాయాసం. మొదట 1:1 పుల్లీతో నడిపి, అన్నీ సవ్యంగా ఉన్నాయని తేలాకే బ్లోయర్‌కు చిన్న పుల్లీ వేయించండి. 5 పి.ఎస్.ఐ. దాటవద్దు. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే పరికరం) పెట్టి పెంచుదామని అబ్బాయి అనవచ్చు. మీ ఇంజిన్‌కు నేను సూచించే పద్ధతిలో దానికి తావు లేదు, ఎందుకో కింద చెబుతాను.

బిగించే చోటు గురించి మేస్త్రీతో వివరంగా మాట్లాడండి. ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే పక్క ఉంటాయి, బ్లోయర్ కూడా ఆ పక్కకే రావాలి. కింది నుంచి ఎగ్జాస్ట్ సెగ తగలకుండా రెండింటి మధ్య రేకు తెర, దానికీ బ్లోయర్‌కూ నడుమ వేలు దూరేంత గాలి సందు తప్పనిసరి. బ్రాకెట్‌ను 10 మి.మీ.కు తగ్గని ఇనుప ప్లేటుతో చేయించి ఇంజిన్‌కే బిగించాలి గాని బాడీకి కాదు. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. రెండింటికీ ముడిపెడితే బెల్టు గంటలోనే పక్కకు తప్పుతుంది. ఉన్న ఫ్యాను బెల్టు మీదే బ్లోయర్‌ను కూడా నడిపించడం నేను ఒప్పుకోను. ఆ ఒక్క వీ-బెల్టు నీళ్ల పంపునూ డైనమోనూ తిప్పడానికే సరిపోతుంది. క్రాంకు పుల్లీ ముఖానికి ఆరు గాట్ల బెల్టు పుల్లీని వేరుగా బిగించాలి. బోల్టుల మీదే ఆధారపడకుండా నడుమ గట్టు తీయించి, లేత్ మీద కేంద్రం సరిచూసి, బ్యాలెన్స్ చేయించాలి. తిన్నని ఇనుప పట్టీ ఆనించి చూస్తే రెండు పుల్లీల మధ్య 1 మి.మీ. తేడా కూడా కనిపించరాదు. బెల్టు బిగువు సరిచేసే చిన్న పుల్లీ వదులుండే వైపు రావాలి.

మీకు ఎస్‌యూ కార్బురేటర్ ఉండడం నిజంగా అదృష్టం. గాలి ఎంత వస్తే దాని పిస్టన్ అంత లేస్తుంది, సూది అంత పెట్రోలు వదులుతుంది. బ్లోయర్‌కు ముందు పెట్టి పీల్పించుకొనే పద్ధతికి ఇంతకన్నా అనువైన కార్బురేటర్ లేదు. ఈ పద్ధతిలో కార్బురేటర్ మీద ఎప్పుడూ పీడనం పడదు, ఫ్లోట్ చాంబర్‌కు ప్రత్యేక ఏర్పాట్లు అక్కరలేదు, పాత డయాఫ్రం పెట్రోలు పంపే సరిపోతుంది. ఇప్పుడున్నది ఇరుకనిపిస్తే 44 మి.మీ. గొంతు గల హెచ్‌ఐఎఫ్44 వేసుకొని, మరింత పెట్రోలు వదిలే సూది ఎంచుకోండి. అయితే బ్లోయర్ నుంచి హెడ్డు దాకా ఉన్న గొట్టం నిండా ఉండేది ఉత్త గాలి కాదు, పెట్రోలు కలిసిన గాలి. ఇంటర్‌కూలర్ వద్దన్నది అందుకే: చల్లబడితే అందులో పెట్రోలు ద్రవమై పేరుకొంటుంది, ఒక్క బ్యాక్‌ఫైర్ వస్తే అదంతా అంటుకొంటుంది. అదే కారణం చేత మానిఫోల్డుకు స్ప్రింగు రిలీఫ్ వాల్వు పెట్టి తీరాలి. అది 7, 8 పి.ఎస్.ఐ. వద్ద తెరుచుకోవాలి, దాని మూతి ఎగ్జాస్ట్ వైపు గాని వైర్ల వైపు గాని తిరిగి ఉండకూడదు. బండిలో మంటలు ఆర్పే సిలిండర్ పెట్టుకోండి.

ఇగ్నిషన్‌లో ఒక్కొక్క పి.ఎస్.ఐ.కి ఒక డిగ్రీ చొప్పున టైమింగ్ వెనక్కి తేవడం పాత లెక్క, మన ఎండలకు అది కనీసం అనుకోండి. వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టాన్ని కార్బురేటర్ దగ్గరే ఉంచండి, బ్లోయర్ దాటాక మానిఫోల్డుకు కలపవద్దు. ఒక మెట్టు చల్లని ప్లగ్గులు వేసి, గ్యాప్ 0.6 మి.మీ.కు తగ్గించండి. క్రాంక్‌కేస్ గొట్టం మానిఫోల్డుకు కలిసి ఉంటే వన్‌వే వాల్వు పెట్టించండి, లేకపోతే పీడనం కిందికి చేరి ఆయిల్ సీళ్లన్నీ కారతాయి.

పెట్రోలు గురించి రెండు మాటలు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఇ20 పెట్రోలుకు ఆక్టేన్ 95 ఉండడం నాకింగ్ విషయంలో మీకు మేలే. కాని 20 శాతం ఇథనాల్ వల్ల 14.7కు బదులు 13.5 పాళ్ల గాలికే ఒక పాలు పెట్రోలు కావాలి, అంటే పాత సెట్టింగుతో మిశ్రమం పలచబడుతుంది. పలచటి మిశ్రమం, పీడనం, ఎండ మూడూ కలిస్తే పిస్టన్‌కు చిల్లు పడుతుంది. పొగను బట్టి గాలి, పెట్రోలు పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ మీటరు అద్దెకైనా తెప్పించి, పీడనంలో లాంబ్డా (సరిపాళ్లను 1 అనుకుంటే గాలి వంతు; తగ్గేకొద్దీ మిశ్రమం చిక్కన) 0.82కు మించకుండా సూది ఎంచుకోండి. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం ఇథనాల్‌కు తట్టుకునేవి మార్పించండి.

మార్క్ 2కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. లారీని దాటే ఊపు పెరిగితే ఆగే బలం కూడా పెరగాలి; లైనింగులు, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించకుండా ఈ పని ముగిసిందని అనుకోకండి.

చట్టం సంగతి చెప్పకుండా ఉండలేను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా మార్పు చేయకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనినే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కనుక రవాణా శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగకుండా పని మొదలుపెట్టవద్దు, బీమా సంస్థకూ తెలియజేయండి. ఇంకొకటి: మీ కారుకు 50 ఏళ్లు నిండాయి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం అది వింటేజ్ వాహనంగా నమోదుకు అర్హమవుతుంది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచాలన్నది అందులో షరతు. బ్లోయర్ బిగిస్తే ఆ అవకాశం వదులుకున్నట్టే.

నన్నే నిర్ణయం చెప్పమంటే, నాన్నగారి బండిని నేను అసలు రూపంలోనే ఉంచుతాను. వాల్వులు గ్రైండ్ చేయించి, డిస్ట్రిబ్యూటర్ లోపలి స్ప్రింగులు, బరువులు సరిచేయించి, కార్బురేటర్ సూది, జెట్టు కొత్తవి వేస్తే పోయిన అశ్వశక్తిలో చాలావరకు తిరిగి వస్తుంది. అబ్బాయికి నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే వేరొక విడి ఇంజిన్ తెచ్చి, దాని మీద ఈ పనంతా చేయడం ఉత్తమం; అసలు ఇంజిన్ ఇంట్లో భద్రంగా ఉంటుంది.

ప్రశ్న: నా దగ్గర 2199 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న పాత జీపు ఉంది. బెల్టు, పుల్లీల గొడవ లేకుండా ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో బిగించే ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ రెండు వేల రూపాయలకే ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. పనిచేస్తుందా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పనిచేయదు, కొనకండి. మీ ఇంజిన్ 3500 ఆర్‌పీఎం వద్ద సెకనుకు దాదాపు 48 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలిని 5 పి.ఎస్.ఐ.కి నెట్టడానికి సుమారు 2.7 కిలోవాట్లు కావాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీయాలంటే మోటారు నష్టాలు కలపకుండానే 225 ఆంపియర్లు. మీ జీపు డైనమో అందులో అయిదో వంతు కూడా ఇవ్వలేదు. వేలి మందం కూడా లేని వైరుతో నడిచే ఆ ఫ్యాను పీడనం పుట్టించకపోగా, పైవేగాల్లో గాలికే అడ్డం పడుతుంది; దాని ప్లాస్టిక్ రెక్క విరిగితే నేరుగా కార్బురేటర్‌లోకి పోతుంది. నిజమైన ఎలక్ట్రిక్ కంప్రెసర్ ఎలా ఉంటుందో తెలియాలంటే, 2016లో ఆడి ఎస్‌క్యూ7 డీజిల్ కారులో పెట్టినది చూడండి: దానికి 7 కిలోవాట్ల మోటారు, విడిగా 48 వోల్టుల వ్యవస్థ అవసరమయ్యాయి.

ప్రశ్న: మెర్సిడెస్ కొంప్రెసర్ కారు నుంచి తీసిన ఈటన్ బ్లోయర్‌ను హైదరాబాదు పాత సామాన్ల దుకాణంలో చూశాను. కొనే ముందు ఏమేమి పరీక్షించాలి?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: మొదట దాని పరిమాణం తెలుసుకోండి. 45, 62, 90 అన్న అంకెలు చుట్టుకు తోసే గాలిని ఘనపు అంగుళాల్లో చెబుతాయి. 62 అంటే చుట్టుకు వెయ్యి సీసీకి పైమాటే, ఒకటిన్నర లీటర్ల ఇంజిన్‌కు అది అనవసరంగా పెద్దది. తరువాత పుల్లీని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఎక్కడా పట్టేయకుండా, గరగరలాడకుండా తిరగాలి. గాలి బయటికి వచ్చే మూతిలోకి టార్చి వేసి రోటర్లను చూడండి: అవి ఒకదానికొకటి గాని, గోడకు గాని తగలకూడదు, గీతలుంటే వదిలేయండి. లోపల ఆయిల్ తడి కనిపిస్తే ముందువైపు సీలు పోయినట్టే. గేర్ల గదిలోని ఆయిల్ వేరుగా ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ దానికి అందదు. చాలామంది ఏళ్ల తరబడి చూడక ఎండబెట్టేస్తారు. ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా, కమిలిన వాసన వేస్తుంటే బేరింగులూ గేర్లూ దెబ్బతిని ఉంటాయి. పుల్లీని ఇటూ అటూ కొద్దిగా ఆడిస్తే లోపల టకటకమంటుంటే కప్లింగ్ అరిగిందన్నమాట, దానిని మార్చుకోవచ్చు. బైపాస్ వాల్వు బ్లోయర్‌తోపాటే తెచ్చుకోండి, అది లేకపోతే నిదానంగా నడిపేటప్పుడు కూడా గాలి వేడెక్కుతూనే ఉంటుంది. కొన్నింటికి అయస్కాంత క్లచ్ ఉంటుంది, దానికి 12 వోల్టులు ఇచ్చి అతుక్కుంటోందా లేదా చూడండి. బిగించేటప్పుడు పుల్లీ మూతి ఇంజిన్ ఫ్యాను వైపే ఉండాలి. చోటు కోసం వెనక్కి తిప్పి బిగిస్తే రోటర్లు ఎదురు తిరుగుతాయి, గాలి ముందుకు పోదు.

ప్రశ్న: కాజీపేట షెడ్డులో డీజిల్ లోకో ఇంజిన్ల మీద పనిచేసి విరమించాను. అక్కడ అన్నీ టర్బోలే. పాత కారు ఇంజిన్‌కు కూడా టర్బో పెట్టకుండా సూపర్‌చార్జరే ఎందుకు?
— ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: మీరు చూసిన ఇంజిన్లు బరువు లాగుతూ చాలాసేపు ఒకే తీరున నడిచేవి. అక్కడ వృథాగా పోయే పొగ శక్తితోనే గాలి నెట్టడం ఎంతో పొదుపు, పైగా డీజిల్‌లో నాకింగ్ భయం లేదు. పాత పెట్రోలు కారు అలా కాదు. వేగం క్షణక్షణం మారుతుంది, 1500 ఆర్‌పీఎం వద్ద ఊపు కావాలి. అక్కడ టర్బో ఇంకా పుంజుకోదు, బెల్టు బ్లోయర్ అప్పటికే పీడనం ఇస్తుంది. టర్బో పెట్టాలంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డు కొత్తగా పోత పోయించాలి, ఇంజిన్ ఆయిల్‌ను దాని బేరింగుకు పంపి మళ్లీ సంపులోకి దించాలి, ఇన్‌లెట్ పక్కనే ఎర్రగా కాగే ఇనుప గూడును భరించాలి. రెండు మానిఫోల్డులూ ఒకే పక్కనున్న ఇంజిన్‌లో ఆ చివరిదే అన్నిటికన్నా కష్టం. అవి విడివిడి పక్కల ఉన్న ఇంజిన్ అయితే, దాని ఆయిల్ పంపు కూడా బలంగా ఉంటే, టర్బో గురించి నిస్సంకోచంగా ఆలోచించవచ్చు.